ఎర్ర తాడు, నీటి కుండ: ఏథెన్స్‌లో అయిదు రోజులు

మొదటి రోజు

ముప్పై ఒక్క సంవత్సరాలు పంచాయతీ కార్యదర్శిగా పనిచేశాను. ఎన్ని గ్రామసభలు పెట్టించానో లెక్క చెప్పలేను కానీ, ఎన్నింటికి జనం నిండుగా వచ్చారో వేళ్ల మీద చెప్పగలను. చాటింపు వేయించేవాడిని, నోటీసు అంటించేవాడిని, బడి నుంచి బల్లలు తెప్పించేవాడిని. తీరా చూస్తే సర్పంచి, నలుగురు వార్డు సభ్యులు, వేపచెట్టు నీడ కోసం చేరిన ఇద్దరు ముసలివాళ్లు. తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని సాయంత్రం ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకోవడం మామూలే. అందుకే జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి "ఈసారి ఎక్కడికి వెళదాం నాన్నా?" అని అడిగితే ఏథెన్స్ అన్నాను. అక్రోపోలిస్ కొండ మీది పాలరాతి గుడి చూడాలని ఉందేమో అనుకుంది. నేను చూడాలనుకున్నది ఆ గుడికి పడమటగా ఉన్న బోడి గుట్ట.

విమానాశ్రయం నుంచి మెట్రోలో వచ్చి, థిసియో స్టేషన్ దగ్గర గదిలో సామాను పడేసి, ఎండ తగ్గాక బయలుదేరాం. దారిలో జనమంతా అక్రోపోలిస్ వైపే తిరుగుతున్నారు. మేమిద్దరం కుడిపక్క కాలిబాట పట్టి పైన్ చెట్ల మధ్య నుంచి పైకి ఎక్కాం. టికెట్టు లేదు, వరుస లేదు. పైన ఒక వాలు మైదానం, వెనుక చెక్కిన రాతిగోడ, ఆ గోడలోంచే మలిచిన మెట్లూ వేదికా. దీన్నే ప్నిక్స్ అంటారు. కిక్కిరిసిన చోటు అన్న అర్థం నుంచి ఆ పేరు వచ్చిందని ఒక వాదన. మేం వెళ్లినప్పుడు మాత్రం ఒక కుక్కా, ఫొటోలు తీసుకుంటున్న ఒక జంటా ఉన్నారంతే.

"ఇంతేనా?" అంది మా అమ్మాయి.

ఇంతే. క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి ఏథెన్స్ పౌరులు యుద్ధమైనా, సంధి అయినా, ధాన్యం దిగుమతి అయినా ఇక్కడ కూర్చునే తేల్చారు. ప్రతినిధులను పంపి ఇంట్లో కూర్చోలేదు, వాళ్లే వచ్చారు. ఆ సభ పేరు ఎక్లీసియా. తొలి రూపంలో ఈ మైదానంలో ఆరు వేలమంది పడతారని అంచనా. కొన్ని తీర్మానాలకు ఆరు వేల ఓట్లు పడి తీరాలన్న నియమం కూడా ఉండేది.

ఈ వేదికకు ఒక కథ ఉంది. మొదట్లో జనం గుట్ట వాలు మీద ఉత్తరానికి, అంటే ఊరి వైపుకు, తిరిగి కూర్చునేవారు. వక్త దిగువన నిలబడేవాడు. 5వ శతాబ్దం చివర్లో మొత్తం తిరగేశారు. దిగువన పెద్ద గోడ కట్టి, మట్టి నింపి, వాలును ఎదురు దిక్కుకు మార్చారు. ఈ పని చేసింది క్రీ.పూ. 404లో అధికారం చేజిక్కించుకున్న ముప్పైమంది నిరంకుశులనీ, సముద్రం కనబడితే జనానికి ప్రజాస్వామ్యం గుర్తుకొస్తుందని వక్త ముఖం నేల వైపుకు తిప్పించారనీ ప్లూటార్క్ అనే పాతకాలపు రచయిత రాశాడు. చదవడానికి బాగుంది కానీ, ఆ సాయంత్రం ఉత్తరపు గాలి చెంపల మీద కొడుతుంటే నాకు ఇంకో కారణం తోచింది. అంత గాలికి ఎదురుగా రెండు గంటలు కూర్చుని ఎవడైనా ధాన్యం లెక్కలు వింటాడా? ఇప్పుడు కనబడే వేదిక ఇంకా తరువాతిది, క్రీ.పూ. 4వ శతాబ్దంలో మూడోసారి పెంచి కట్టినప్పటిది. దిగువ గోడలోని రాళ్లు ఏనుగంత ఉన్నాయి.

వేదిక పక్క రాతిలో చిన్న చిన్న గూళ్లు చెక్కి ఉన్నాయి. సభలు ఆగిపోయిన చాలా కాలానికి, రోమన్ల రోజుల్లో, ఇది జ్యూస్ దేవుడి మొక్కుబడి స్థలమైంది. జబ్బు నయమైనవాళ్లు కన్నో కాలో రాతిలో చెక్కించి ఈ గూళ్లలో పెట్టేవారు. మన గుళ్లలో వెండి కళ్లు సమర్పించినట్టే.

రెండో రోజు

పొద్దున్నే అగోరా. ఒకప్పటి సంత, కచేరి, కోర్టు, రచ్చబండ అన్నీ కలిసిన మైదానం ఇది. ఇప్పుడు చెట్ల నీడల్లో పునాదులు. చూసేవాళ్లు నేరుగా కొండవాలు మీది హెఫైస్టస్ గుడికి వెళుతున్నారు. మేం దాని కింద, గుండ్రటి పునాది దగ్గర ఆగాం. దీని పేరు థోలోస్.

క్రీ.పూ. 508లో క్లైస్థెనీస్ అనే నాయకుడు ఏథెన్స్ ప్రజలను పది తెగలుగా విడగొట్టాడు. పుట్టుక పట్టి కాదు. తీరం, ఊరు, లోపలి ప్రాంతం మూడింటి నుంచీ పల్లెలను ఏరి ఒక్కో తెగలో కలిపాడు. ఆ పల్లెలు 139. ఒక్కో తెగ నుంచి ఏటా యాభైమందిని చీటీ వేసి తీస్తే అయిదు వందలమంది మండలి. సభ అజెండా తయారుచేసేది ఈ మండలే. ఏడాదిని పది భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో తెగ యాభైమంది కార్యవర్గంగా ఉండేవారు. వాళ్లు భోంచేసింది ఈ గుండ్రటి ఇంట్లో. వాళ్లలో మూడోవంతు రాత్రిళ్లు కూడా ఇక్కడే ఉండాలి. ఒక్కరిని మళ్లీ చీటీ వేసి ఆ ఒక్క రోజుకు అధ్యక్షుడిని చేసేవారు. ఖజానాల తాళాలు, నగర ముద్ర ఆ పగలూ రాత్రీ అతని దగ్గరే. మరునాడు పొద్దుగూకితే ఇచ్చేయాలి. జీవితంలో రెండోసారి ఆ పదవి రాదు. చెప్పులు కుట్టుకునేవాడికైనా ఒక రోజు ఏథెన్స్ తాళాలు చేతికి రావచ్చు. తాళాలు కావాలని జీవితమంతా పోరాడే మనుషులను చూసిన నాకు, ఆ పునాది చుట్టూ రెండుసార్లు తిరగాలనిపించింది. తిరిగాను.

కొద్ది దూరంలో పది తెగల వీరుల విగ్రహాలు నిలిచిన పొడవాటి పీఠం. విగ్రహాలు లేవు, పీఠం, చుట్టూ రాతి కంచె మిగిలాయి. ఇదే నగరపు నోటీసు బోర్డు. రాబోయే చట్టాల ముసాయిదాలు, యుద్ధానికి పిలిచినవాళ్ల పేర్లు, ఏ తెగ వాళ్లవి ఆ తెగ వీరుడి కింద పెట్టేవారు. నన్ను ఇంకా ఆకట్టుకున్నది ఆడిట్ సంగతి. పదవి దిగిన ప్రతి అధికారీ లెక్క ఒప్పజెప్పాలి. ఒప్పజెప్పేదాకా దేశం విడిచి వెళ్లకూడదు. ఆ తరువాత కూడా మూడు రోజులపాటు, సంత జరిగే వేళల్లో, ఒక్కో వీరుడి విగ్రహం దగ్గర ఒక్కో అధికారి కూర్చునేవాడు. ఏ పౌరుడైనా వచ్చి ఫలానావాడు ఈ తప్పు చేశాడని సున్నం పూసిన పలక మీద రాసి ఇవ్వవచ్చు. ఆడిట్ వస్తోందని తెలిసిన రోజు మా ఆఫీసులో వేసే పరుగులు తలుచుకుని నవ్వుకున్నాను.

ఆ తరువాత అటాలోస్ మంటపం. పెర్గమోన్ రాజు కట్టించిన రెండంతస్తుల కట్టడాన్ని 1950లలో అమెరికా పురావస్తు పాఠశాల మళ్లీ నిలబెట్టింది. లోపల చిన్న మ్యూజియం. మనుషులు తక్కువ, సామాను ఎక్కువ. నాకు మధ్యాహ్నం దాకా అక్కడే గడిచింది.

ఒక రాతి పలక, దాని నిండా వరుసలు వరుసలుగా సన్నటి గాట్లు. ఇది చీటీల యంత్రం. న్యాయస్థానంలో కూర్చోవాలనుకున్న పౌరులు తమ పేరు, తండ్రి పేరు, ఊరు చెక్కిన రేకులు ఇస్తే, వాటిని ఈ గాట్లలో దోపేవారు. పక్కన గొట్టంలో తెల్లవి, నల్లవి గోళీలు పోసి ఒక్కొక్కటే కిందకు వదిలేవారు. తెల్లది వస్తే ఆ వరుస మొత్తం లోపలికి, నల్లది వస్తే ఇంటికి. ఎవరు ఏ కేసులో కూర్చుంటారో ఆ పొద్దున దాకా ఎవరికీ తెలియదు కాబట్టి ముందుగా లంచం ఇవ్వడానికి మనిషే దొరకడు. ఒక్కో కేసుకు రెండు వందల ఒక్కరు, అయిదు వందల ఒక్కరు కూర్చునేవారు. అంతమందికి లంచం ఇవ్వాలంటే గెలిచే ఆస్తి చాలదు.

ఇంకో అద్దం వెనుక అడుగున సన్నటి గొట్టమున్న మట్టి కుండ. నీరు కారిపోయేదాకా మాట్లాడవచ్చు, ఆగితే నోరు మూయాలి. ఈ కుండకు సుమారు ఆరు నిమిషాలు. పెద్ద కేసులకు ఎక్కువ నీళ్లు. ఆ పక్కన కంచు ఓటు బిళ్లలు. నడుమ ఇరుసులాంటి కాడ ఉంది. బోలు కాడది నేరం మోపినవాడికి, నిండు కాడది నిందితుడికి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుంటే ఏది వేస్తున్నావో పక్కవాడికి కనబడదు.

"మరి ఎన్నికలు లేవా?" అంది మా అమ్మాయి. ఉన్నాయి, సేనానులకు మాత్రం. యుద్ధం నడపడానికి చీటీ వేయలేం కదా. పెరిక్లీస్ ఏటేటా అలా గెలుస్తూ వచ్చాడు. మిగతా పదవులకు చాలావరకు చీటీయే. చీటీ ప్రజాస్వామ్య పద్ధతి, ఎన్నిక కొద్దిమంది ఏలే పద్ధతి అన్న అభిప్రాయాన్ని అరిస్టాటిల్ కూడా రాసిపెట్టాడు. ఎన్నికల డ్యూటీలు చేసి చేసి అలిసినవాడిని, ఆ వాక్యం మింగుడు పడటానికి నాకు కాస్త సమయం పట్టింది.

చివరగా ఒక శాసనం. పైన బొమ్మ: ప్రజాస్వామ్యం అనే స్త్రీ, కూర్చున్న గడ్డపు పెద్దమనిషి తలపై కిరీటం పెడుతోంది. ఆ పెద్దమనిషే ప్రజలు. కింద క్రీ.పూ. 336 ప్రాంతంలో చేసిన చట్టం: ఎవడైనా నిరంకుశుడు కావాలని చూస్తే వాణ్ని చంపినవాడికి దోషం లేదు. మా అమ్మాయి అనువాదం ఫోనులో తీసి చదివింది. ఏ తెగ కార్యవర్గం, ఓటుకు పెట్టిందెవరు, ప్రతిపాదించిందెవరు, అన్నీ ఉన్నాయి. కార్యదర్శి ఎవరో కూడా ఉంది. అమైనియాస్ కొడుకు ఖైరెస్ట్రాటోస్. ఆఖర్లో, ఈ చట్టాన్ని రెండు రాతిపలకల మీద చెక్కించాలి, చెక్కుడు ఖర్చు 20 డ్రాక్మాలు (వెండి నాణేలు) కోశాధికారి ఇవ్వాలి. ఇరవై మూడు శతాబ్దాలకు పైగా గడిచినా ఒక కార్యదర్శి పేరు రాతి మీద నిలిచింది, ఖర్చు లెక్కతో సహా. నేను రాసిన మినిట్స్ పుస్తకాలు చెదలు తిన్నాయో లేదో కూడా నాకు తెలియదు.

"ఆ ప్రజాస్వామ్యం ఆడమనిషే కదా. ఆడవాళ్లకు ఓటుందా?" అంది.

లేదు. బానిసలకూ లేదు, తరతరాలుగా అక్కడే ఉంటున్న పరదేశీలకూ లేదు. క్రీ.పూ. 451 తరువాత తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ పౌరుల బిడ్డలైతేనే కొడుక్కి పౌరసత్వం. అంటే తల్లి లేకుండా పౌరుడు లేడు, తల్లికి మాత్రం సభలో చోటు లేదు. హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్ ఒక నాటకంలో ఆడవాళ్లకు గడ్డాలు అతికించి, మొగుళ్ల చెప్పులు తొడిగించి, తెల్లవారకముందే సభకు పంపాడు. సభ వాళ్ల చేతికి వచ్చేస్తుంది. మగవాళ్లు ఆలస్యంగా వచ్చి సభాభత్యం పోగొట్టుకుంటారు.

ఆ సభాభత్యం సంగతి చెప్పవలసిందే. మొదట్లో సభకు వస్తే ఏమీ ఇచ్చేవారు కాదు. జనం సంతలో కబుర్లు చెప్పుకుంటూ నిలబడితే, ఎర్ర రంగులో ముంచిన తాడును ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని గుట్ట వైపు తోలుకొచ్చేవారు. మరక పడితే జరిమానా అని తరువాతి వ్యాఖ్యాతలు రాశారు. క్రీ.పూ. 390ల నాటికి తాడు చాలదని తేలింది. అగిరియోస్ అనేవాడు మనిషికి ఒక ఒబోల్ అనే చిన్న నాణెం ఇప్పించాడు, ఇంకొకడు రెండు చేశాడు, అగిరియోసే మళ్లీ మూడు చేశాడు. అరిస్టాటిల్ నాటికి మామూలు సభకు ఆరు ఒబోళ్లు, అంటే ఒక డ్రాక్మా, ముఖ్యమైన సభకు తొమ్మిది. ఏడాదికి నలభై సభలు. ఎర్ర తాడు ఆలోచన నాకు సర్వీసులో ఉన్నప్పుడు రాలేదు.

మూడో రోజు

కెరమైకోస్. కుమ్మరుల వాడ, ఆ పక్కనే శ్మశానం. ఎండ మండిపోతోంది. మా అమ్మాయికి కాలు బెణికి ఒక రాయి మీద కూర్చుండిపోయింది. అందుకే ఈ రోజు చిన్నది.

ఇక్కడి వాగు పక్కన 1960లలో ఎనిమిది వేలకు పైగా పెంకులు దొరికాయి. పగిలిన కుండపెంకు మీద ఒకడి పేరు గీకి వేస్తే అది ఓటు. ఏటా ఒకసారి సభను అడిగేవారు: ఈ ఏడు ఎవరినైనా వెళ్లగొడదామా? సరేనంటే కొన్నాళ్లకు పెంకుల ఓటు. మొత్తం ఆరు వేల పెంకులు పడితే, ఎక్కువ వచ్చినవాడు పది రోజుల్లో ఊరు విడిచి పదేళ్లు బయట ఉండాలి. ఆస్తి పోదు, పరువు పోదు, నేరం మోపరు. నువ్వు మరీ పెద్దవాడివైపోయావు, కాస్త దూరంగా ఉండు, అంతే.

సలామిస్ యుద్ధం గెలిపించిన థెమిస్టోక్లీస్‌నూ ఇలాగే పంపారు. అక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఒక బావిలో అతని పేరున్న 190 పెంకులు దొరికితే, చేతిరాతలు చూస్తే రాసింది పధ్నాలుగు మందేనట. ముందుగా రాసిపెట్టి పంచడానికి తెచ్చిన సరుకు! నిన్న మ్యూజియంలో చూసినవాటిలో అక్షరాలు భలే పొందికగా ఉన్నాయి. పోలింగ్ కేంద్రం బయట చీటీలు పంచే కుర్రాళ్లు నాకు గుర్తొచ్చారు. క్రీ.పూ. 416 ప్రాంతంలో నికియాస్, ఆల్కిబయడీస్ అనే ఇద్దరు ప్రత్యర్థులు లోపాయకారీగా కలిసిపోయి, పెంకులన్నీ హైపర్‌బొలస్ అనే మూడోవాడి మీద వేయించారు. ఆ తరువాత ఆ పద్ధతి జోలికి ఎవరూ వెళ్లలేదు. పెంకు విలువ పోయింది.

నాలుగో రోజు

మెట్రో మొదటి లైను చివర పిరేయస్ రేవు. దీవులకు వెళ్లే పెద్ద ఓడలు, సామాన్ల పెట్టెలు ఈడ్చుకుంటూ పరుగెత్తే మనుషులు. మేం గుట్ట దాటి అవతలి చిన్న రేవుకు నడిచాం. పాతరోజుల్లో ఇది జేయా, యుద్ధనౌకల రేవు. ఇప్పుడు నిండా పడవలు, చుట్టూ కాఫీ దుకాణాలు. ఒక్కో యుద్ధనౌకకు 170 మంది తెడ్డు వేసేవారు. వాళ్లలో పొలమూ గుర్రమూ లేని పేద పౌరులు చాలామంది. నగరాన్ని కాపాడేది వాళ్ల భుజాలు కాబట్టి, సభలో వాళ్ల చేతికీ విలువ వచ్చింది.

ఇక్కడికి రావడానికి నా కారణం వేరు. క్రీ.పూ. 427లో మిటిలీని నగరం ఏథెన్స్ మీద తిరగబడి ఓడిపోయింది. కోపంతో సభ తీర్మానించింది: అక్కడి మగవాళ్లందరినీ చంపండి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మండి. ఆ ఉత్తర్వుతో పిరేయస్ నుంచి ఒక ఓడ బయలుదేరింది. రాత్రి గడిచింది. తెల్లవారేసరికి జనానికి మనసు మారింది. మరునాడే మళ్లీ సభ. క్లియోన్ అనే నాయకుడు లేచి నిర్ణయం మార్చవద్దన్నాడు. డియొడోటస్ అనే ఇంకో పౌరుడు లేచి, దయ గురించి కాదు, మనకు లాభమేమిటో ఆలోచించండి అన్నాడు. చేతులు ఎత్తిస్తే ఇంచుమించు సమానం. కొద్ది తేడాతో డియొడోటస్ గెలిచాడు. అప్పుడు రెండో ఓడ. మొదటిది అప్పటికే ఒక పగలూ రాత్రీ ముందుంది. రెండోదానివాళ్లు తెడ్డు వేస్తూనే ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండి తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడవాళ్లకు ఆ పని మీద మనసు లేక నెమ్మదిగా వెళ్లారు. ఉత్తర్వు చదివి అమలు చేయబోతుండగా రెండో ఓడ చేరింది.

ఈ కథ చెప్పి చాలామంది ఇక్కడే ఆపుతారు. ఊరు బతికింది కానీ తిరుగుబాటుకు కారకులన్న వెయ్యిమందికి పైగా మనుషులను చంపారని ఆ కాలపు చరిత్రకారుడు థుసిడిడీస్ ఆ వెంటనే రాశాడు.

ఇరవై ఒక్క ఏళ్లకు రెండో ఓడ లేని సంగతి జరిగింది. క్రీ.పూ. 406లో అర్గినూసై దగ్గర సముద్రయుద్ధం గెలిచి, తుఫానులో మునిగిపోతున్న తమవాళ్లను సేనానులు కాపాడలేకపోయారు. ఎనిమిదిమంది మీద విచారణ. మొదటి రోజు చీకటి పడి, ఎత్తిన చేతులు కనబడక సభ వాయిదా వేశారు. రెండోసారి, అందరినీ కలిపి ఒకే ఓటుతో తేల్చాలన్నారు. అది చట్టవిరుద్ధమన్నవాళ్లను, మిమ్మల్నీ వాళ్లతో కలిపేస్తామని బెదిరించారు. ఆ వంతు కార్యవర్గంలో చీటీ తగిలి కూర్చున్న సోక్రటీస్ ఒక్కడే ఒప్పుకోలేదు. ఏథెన్స్‌లో ఉన్న ఆరుగురిని చంపేశారు. వాళ్లలో పెరిక్లీస్ కొడుకూ ఉన్నాడు. తరువాత పశ్చాత్తాపపడ్డారు. తీర్మానం రాసుకున్న కార్యదర్శి ఆ రాత్రి ఏం తిన్నాడో అన్న ఆలోచన నన్ను వదలలేదు. సంతకం పెట్టకుండా తప్పించుకోలేని కాగితాలు నేనూ చూశాను, ఇంత పెద్దవి కాకపోయినా.

వేయించిన చేపలు తిన్నాం. బిల్లు చూసి మా అమ్మాయి, నాకు చూపించకుండా మడిచి పెట్టేసింది.

అయిదో రోజు

మధ్యాహ్నం విమానం. తెల్లవారకముందే లేచి మళ్లీ ప్నిక్స్ ఎక్కాం. సభలు మొదలయ్యే వేళ అది. ముందు పందిని బలిచ్చి సభాస్థలి చుట్టూ తిప్పి శుద్ధి చేసేవారు. జనాన్ని మోసగించేవాడికి శాపం చదివేవారు. ఆ తరువాత చాటింపుదారు ఒక ప్రశ్న అడిగేవాడు: ఎవరు మాట్లాడతారు?

ఆ ప్రశ్నకు జవాబు రాని రోజు ఒకటుంది. క్రీ.పూ. 339లో ఒక సాయంత్రం, మాసిడోనియా రాజు ఫిలిప్ ఎలటియా అనే ఊరిని పట్టుకున్నాడని వార్త వచ్చింది. ఏథెన్స్‌కు దారి తెరుచుకున్నట్టే. థోలోస్‌లో భోంచేస్తున్న కార్యవర్గం ముద్ద మధ్యలో లేచింది. సంతలో దుకాణాలు ఖాళీ చేయించి తడికలు తగలబెట్టించారు. తెల్లవారి మండలి ఇంకా మాట్లాడుకుంటుండగానే జనం వచ్చి ఈ గుట్ట మీద కూర్చున్నారు. వార్త చెప్పారు. చాటింపుదారు అడిగాడు. సేనానులంతా ఉన్నారు, వక్తలంతా ఉన్నారు, ఎవరూ లేవలేదు. మళ్లీ మళ్లీ అడిగాడు. చివరకు డెమోస్తనీస్ అనే వక్త లేచాడు. ఈ వర్ణన అతనే తరువాత కోర్టులో చెప్పుకున్నది, కాబట్టి కాస్త ఉప్పూ కారం ఉండవచ్చు. మరుసటి ఏడు ఖైరోనియా దగ్గర ఫిలిప్ చేతిలో ఏథెన్స్ ఓడిపోయింది. క్రీ.పూ. 322లో మాసిడోనియా సైన్యం రేవులో దిగి, రెండు వేల డ్రాక్మాల ఆస్తి ఉన్నవాళ్లే పౌరులంది. మిగిలినవాళ్లు తొమ్మిది వేలమంది.

అక్రోపోలిస్ వెనుక నుంచి వెలుతురు వస్తోంది. నేను మైదానం ఒక చివరి నుంచి ఇంకో చివరికి అడుగులు లెక్కపెట్టాను. నూట యాభైకి పైగా వచ్చాయి, నా అడుగు ఈమధ్య చిన్నదైంది. మొన్నటి కుక్క నా వెంటే నడిచింది. వేదిక ఎదురుగా నిలబడి, చుట్టూ ఎవరూ లేరు కదా అని, చాటింపు గొంతుతో అరిచాను: "ఎవరు మాట్లాడతారు?"

వెనుక రాతి మీద కూర్చున్న మా అమ్మాయి చెయ్యెత్తింది.

"నేను. తొమ్మిదింటికి మెట్రో ఎక్కాలి. నీ మందులు గదిలోనే ఉన్నాయి."